ఆ రోజు లేవని అక్క కోసం

పాస్టరుగారికీ, సంఘ పెద్దలకీ, అక్క కూతురికీ, అల్లుడికీ, ఈ హాలు నిండా కూర్చున్న అన్నలకీ అక్కలకీ వందనాలు.

హాలు నిండా అన్నాను. అంటుంటే నాకే ఒళ్లు మండుతోంది. సంతాప సభలో అనాల్సిన మాట కాదు, క్షమించండి. కానీ మొన్న శుక్రవారం మధ్యాహ్నం అక్క ఆసుపత్రిలో ఉంటే, ఇదే హాల్లో ప్రార్థనకి నేనొక్కణ్ణే కూర్చున్నాను. ఫ్యాను తిరుగుతోంది, నేనున్నాను. ఇవాళ చూడండి, వరండాలో కూడా జనం నిలబడ్డారు. ఈ హాలు నిండాలని ఏళ్ల తరబడి ప్రార్థన చేసిన మనిషి కన్నుమూస్తేగానీ ఈ హాలు నిండలేదు. దీన్నేమనాలి, మీరే చెప్పండి.

తెలియనివాళ్లకి చెప్తున్నాను. నేను కుట్టు మిషన్లు బాగుచేసేవాణ్ణి. ఆవిడ నాకు తోడబుట్టిన అక్క కాదు. ఈ వీధిలో చిన్నాపెద్దా అందరికీ టైలరక్కే, నాకూ అంతే. ఒక శుక్రవారం ఆవిడ మిషన్ చూడ్డానికి వెళ్లాను. పనిముట్ల పెట్టె ఇంకా తెరవనేలేదు. "మిషన్ ఎక్కడికీ పోదులే, ముందు ప్రార్థనకి రా. ఇవాళ మనుషులు తక్కువయ్యారు" అని నన్ను వెంటబెట్టుకొచ్చింది. ఆ రోజు మిషన్ బాగవలేదు. నేనూ బాగవలేదనుకోండి. కానీ అప్పట్నుంచి ఏ శుక్రవారమూ మానలేదు, ఆవిడ మాననివ్వలేదు.

ఆ శుక్రవారం కూడికలో మా ప్రార్థన ఒక్కటే. ప్రభువా, ఈ సంఘంలో ఉజ్జీవం పంపు. చల్లారిన మనసుల్ని మళ్లీ వెలిగించు, అలవాటుకొద్దీ వచ్చేవాళ్లని ఆకలితో వచ్చేవాళ్లుగా మార్చు. మొదట్లో చాపలన్నీ నిండేవి. తర్వాత కొందరు ఊరు మారారు, కొందరికి మోకాళ్లు సహకరించలేదు, కొందరు ప్రభువు దగ్గరికి వెళ్లారు. మిగతావాళ్లు ఎందుకు మానేశారో వాళ్లకే తెలియాలి. చివరికి అక్కా నేనూ మిగిలాం. ఇద్దరు ముగ్గురు కూడుకుంటే నేనుంటానని ప్రభువు మాటిచ్చాడు కదా అని ఆవిడ ధీమా. ఆ మాట పట్టుకునే లాక్కొచ్చింది.

నా వెనక కట్టిన బ్యానరు చూసి కొందరు గుసగుసలాడుకుంటున్నారు. "ఉజ్జీవ సభలు" అని ఉంది, సంతాప సభకి ఇదేంటని. నేనే కట్టాను. పెద్దలు తిట్టుకున్నా ఫర్వాలేదు. ఆ కుడివైపు మూల చూడండి. అక్కడ తేదీ ఉండాలి, లేదు. మన సంఘంలో ఏటా ఇదే బ్యానరు. పాత తేదీ మీద కొత్త తేదీ గుడ్డముక్క వేసి కుట్టడం అక్క పని. ముక్క మీద ముక్క పడి ఆ మూల పరుపులా తయారైంది. సూదులు విరిగేవి, నేను మార్చేవాణ్ణి. ఒక ఏడు అక్క కూర్చుని ఆ ముక్కలన్నీ కత్తెరతో విప్పేసి, ఖాళీ మూలతో బ్యానరు తెచ్చిచ్చింది. పెద్దలు ఇంతెత్తున లేచారు. ఆవిడ తాపీగా "సభలకి తేదీ మీరు వేసుకోండి నాయనా. ఉజ్జీవానికి మాత్రం నేను కుట్టలేను" అంది. ఇక చేసేది లేక కాగితం మీద తేదీ రాసి అంటించారు. మొదటి రోజు సాయంత్రమే గాలికి ఎగిరిపోయింది. అది చూసి అక్క నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది.

ఆ సభల ఆఖరి రోజు గుర్తుందా? మీలో చాలామంది ఉన్నారు. బయటినుంచి వచ్చిన ప్రసంగీకుడు గొంతు చించుకుని, ఉజ్జీవం పొందినవాళ్లంతా లేచి నిలబడండి అన్నాడు. లేచాం. అబ్బో, ఏం లేచాం! పక్కవాడు లేచాడని లేచాం. లేవకపోతే పాస్టరుగారు ఏమనుకుంటారోనని లేచాం. కాళ్లు తిమ్మిరెక్కి లేచినవాళ్లూ ఉన్నారు. హాలంతా లేచింది, అక్క తప్ప. కూర్చునే ఉంది. ఆయన స్టేజీ మీద నుంచే, అమ్మా మీరు, అన్నాడు. ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా "నాకింకా రాలేదు బాబూ. వచ్చాక లేస్తాను" అంది.

అప్పుడు తీసిన ఫోటో ఆఫీసు గదిలో గోడకి వేలాడుతోంది. అందులో మనమందరం కనిపిస్తాం. అక్క కనిపించదు.

సహోదరులారా, ఆ తర్వాతి శుక్రవారం నేను తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. అంతమంది లేచారు కదా, నలుగురైనా రారా అనుకున్నాను. ఎవరొచ్చారు? అక్క వచ్చింది. ఆ లేవని అక్కే వచ్చింది!

ఆవిడ ప్రార్థన ఎలా ఉండేదో తెలుసా మీకు? మీ పేర్లు చెప్పేది కాదు. "కాలరు తిప్పి కుట్టించుకున్న ఆ నీలం చొక్కా ఆయన చేత, ప్రభువా, తాగుడు మానిపించు." "పెళ్లి జాకెట్టు రెండుసార్లు వదులు చేయించుకున్న పిల్ల, దానికి మొగుడితో మాట కలిసేలా చెయ్యి." "ఆ స్కూలు యూనిఫారం పిల్లల తల్లి, గుడికొచ్చి ఏడుస్తోంది, ఎందుకో నీకు తెలుసు." నేను కళ్లు మూసుకుని వింటూ, ఇదెవరబ్బా అని లెక్కలు కట్టేవాణ్ణి. ఇప్పుడిక్కడ నిలబడి చూస్తుంటే ఆ చొక్కాలూ ఆ జాకెట్లూ నా ఎదురుగానే కూర్చున్నాయి. మీ కోసం ఒక మనిషి ప్రతి వారం దేవుడి ఎదుట మొత్తుకుంది. మీకు తెలియదు. తెలుసుకోవాలని మనమూ అనుకోలేదు.

నా కోపం మీ మీదే కాదు. దేవుడి మీదా ఉంది. దాచుకోను. పాస్టరుగారు ముఖం చిట్లిస్తున్నారు, చిట్లించనివ్వండి. ఇన్నేళ్లు అడిగింది కదయ్యా, ఏం తక్కువ చేసింది? ఒక్కసారి, ఒక్క వానచినుకంత చూపించి తీసుకెళ్లకూడదా? ఈ ప్రశ్న ఆసుపత్రిలో ఆవిడ మంచం పక్కనే అడిగాను. అక్కా, ఇక రాదు, ఒప్పేసుకుందాం అన్నాను. ఆవిడకి ఆయాసం. అయినా నన్ను తిట్టకుండా ఉండలేదు. "రాదని నీతో ఎవరు చెప్పారు? నువ్వు మాత్రం తలుపు తియ్యి. ఆయన వచ్చి బయట నిలబడకూడదు" అంది.  

నిన్న సంఘ పెద్దొకాయన నన్ను పక్కకి పిలిచి, ఇంక మీరొక్కరే కదా, శుక్రవారం హాలు తాళం ఇచ్చేయండి అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఉన్న మాటే అన్నాడు. ఇద్దరు ముగ్గురన్న మాటకి ఒక్కడు చాలడు కదా. తాళంచెవి ఇదిగో, నా జేబులోనే ఉంది. ఇచ్చేద్దామనే వచ్చాను. ఇక్కడికొచ్చి అక్క ఫోటో ముందు నిలబడ్డాక చెయ్యి జేబులోంచి రావడంలేదు. అందుకే చెప్తున్నాను, వచ్చే శుక్రవారం తలుపు తీస్తాను. వందమందిని అడగడంలేదు. నాతో కూర్చోడానికి ఒక్కరు కావాలి. వచ్చేవాళ్లు చెయ్యెత్తండి అని మాత్రం అడగను. ఆ చేతులెత్తడాలు అక్కకి గిట్టేవి కావు. వస్తే రండి, చెప్పులు బయట విడిచి లోపల కూర్చోండి, అంతే.

ఇప్పుడు అక్క కోసం మౌనం పాటిద్దాం. దయచేసి అందరూ లేవండి. ఆగండి, ఒక్క మాట. ఫోటోకి లేచినట్టు లేవకండి. పక్కవాడు లేచాడని లేవకండి. మనసులో ఏమీ లేకపోతే కూర్చునే ఉండండి, ఎవరూ ఏమీ అనరు. ఈ హాల్లో అలా కూర్చోవడానికి ధైర్యం కావాలని ఆవిడ మనకి చూపించి వెళ్లింది. లేచేవాళ్లు మాత్రం, వచ్చాక లేస్తానని చివరిదాకా కూర్చునే ఎదురుచూసిన మా అక్క బదులు లేవండి.

మౌనంగా, అందరూ.