కొలత డబ్బాలో నీళ్లు

డెంగీ వార్డులో, బాత్రూము తలుపు దగ్గర భార్యాభర్తలు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. యూరిన్ కొలిచే డబ్బా అతని చేతిలో ఉంది.

“ఏవండీ, మొన్న డికాషన్‌లా ఉన్నది ఇవాళ మంచినీళ్లలా ఉందేం?”

“జ్వరం తగ్గిందిగా, తేటపడి ఉంటుంది.”

“లోపల కుళాయి చప్పుడు విన్నాను. నా మొహం చూసి చెప్పండి.”

“అబ్బా, పోలీసులా తగులుకున్నావేంటే! యూరిన్ బాగా వస్తే నన్ను ఇంటికి పంపిస్తానని డాక్టరే కదా అన్నాడు?”

“అందుకని నీళ్లు కలిపారా?”

“కొంచెమే.”

“పాలల్లో కలిపేవాళ్లని చూశాను గానీ, ఇందులో కలిపేవాళ్లని మిమ్మల్నే చూస్తున్నా! జ్వరం పోయినా కిడ్నీలు దెబ్బతిన్నాయేమోనని ఆయన ఆ డబ్బానే నమ్ముకుని చూస్తున్నాడు. డిశ్చార్జి అంటే నేను బట్టలు కూడా సర్దేశాను.”

“సర్దినవి విప్పకు. ఇంకా నేను వెళ్లకపోతే ఓనరు లారీకి వేరేవాణ్ణి పెట్టుకుంటాడు.”

“మీ కాళ్లు చూసుకున్నారా? చెప్పులు కూడా పట్టడం లేదు.”

“పడుకుని పడుకుని వాచాయిలే.”

“నా మీద ఒట్టు. ఇందులో మీదెంత, కుళాయిదెంత?”

అతను డబ్బాను కిటికీ గట్టు మీద పెట్టి, గోడకు ఆనుకున్నాడు.

“నిన్న సగం సగం.”

“ఇవాళ?”

“ఇవాళ ఎంతసేపు నిలబడ్డా... నాది ఒక్క చుక్క కూడా రాలేదే.”

“సిస్టర్! సిస్టరమ్మా, ఒక్కసారి పరుగున రండి!”