రాసే స్పీడు

ఉప్పల్‌లో సూర్యకళ మెమరీ కార్డుల దుకాణం. కౌంటరుకు ఇవతల, నాచారంలో పెళ్లి వీడియోలు తీసే నతానియేలు.

"నకిలీ కార్డు అంటగట్టినవ్ సూర్యకళక్కా. ప్యాకెట్ మీద స్పీడు వంద ఎంబీ అని ఉన్నది. పెండ్లి నడుమ రికార్డింగు ఆగిపాయె!"

"నోరు జర అదుపుల పెట్టుకో. వంద అనేది చదివే స్పీడు. రాసే స్పీడు తక్కువనే ఉంటది. కెమెరా పట్టెటోనికి నేను జెప్పాల్నా?"

"నేనూ అదే అంటున్న. రాసుడు అందలేదు, ఆగింది. తప్పు కార్డుదని ఒక్క మాట జెప్పు, పోత."

"ఎవలికి జెప్పాలె?"

"బయట ఆటోల ఉన్నది, దోర్కా. పెండ్లిపిల్ల. చర్చి పక్క రూముల వాళ్లమ్మ బిడ్డకు దీవెన మాటలు జెప్తుంటె తీసిన. 'బిడ్డా' అన్నకాడికే ఉన్నది, ముందటిది లేదు. పెండ్లయిన వారానికే ఆ తల్లి పానం పాయె. కార్డు సంగతి నీ నోట్లకెల్లి ఇనాల్నంటది ఈ పిల్ల."

"పాపం. అయితె నా దుకాణం పేరు చెడగొట్టుకోవాల్నా? ఇటియ్యి కార్డు, టెస్టు పెడత."

"టెస్టు గిస్టు ఎందుకు?"

"ఇయ్యంటున్న గద! ఆఁ… సూడు. చదువుడు తొంభై. రాసుడు డెబ్బై. నీ ఫోర్‌కే వీడియోకు ముప్పై ఉంటె మస్తు. ఇది ఆగే కార్డు కాదు. నువ్వే ఆపినవ్."

"మెల్లగ, అక్కా."

"ఏంది మెల్లగ? ఫోనొచ్చిందా? బిర్యానికి ఉరికినవా? సిగ్గుండాలె, నా మీద రుద్దనీకి!"

"వాళ్లమ్మ గుండె పట్టుకున్నది."

"ఏంది?"

"మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఒరిగింది. కెమెరా ఆపి పట్టుకున్న."

"దవాఖానకు తీస్కపోవద్దా? నీకు బుద్ధున్నదా?"

"పోదామంటె నా చెయ్యి ఇడ్వలే. 'ఇయ్యాల దాని పెండ్లి. దానికి ఎన్నడు జెప్పనని మాటియ్యి' అన్నది. ఇచ్చిన. నీళ్లు తాగి, మొఖం తుడుసుకొని, నవ్వుకుంట లోపటికి పోయింది."

"గొప్ప మాటిచ్చినవ్."

"తన పెండ్లి కోసమే అమ్మ దవాఖానకు పోలేదని తెలిస్తె, ఆ పిల్ల బతుకంత ఏడుస్తది."

"అయితె నింద నా దుకాణం మొయ్యాల్నా? సదువుకున్నోనివి, ఇదేం తెలివి? నడువ్ ఈడికెల్లి!"

"అక్కా, లోపటికి రావొచ్చా? నేను దోర్కాను. కార్డు సూసిన్రా? నిజం జెప్పున్రి, ఈ అన్న అబద్ధమాడుతున్నడా?"

"లేదమ్మా. చదువుడు మంచిగనే చదువుతది, రాసుడే రాదు దీనికి. నేనమ్మిన కార్డే ఖరాబు. తిట్టాల్నంటె నన్ను తిట్టు."