సుద్దతో రాసిన తేదీ: డాక్టర్ ఉనైసీ తొకలౌ గారి పదవీ విరమణ వేళ

1989 మార్చి ఆరవ తేదీన, వనువా లేవు దీవి ఉత్తర తీరంలోని మా నేల పరిశోధనా కేంద్రంలో డాక్టర్ ఉనైసీ తొకలౌ గారు సహాయ శాస్త్రవేత్తగా బాధ్యతలు స్వీకరించారు. వరి వేళ్లను ఆశ్రయించి, గాలిలోని నత్రజనిని పైరుకు అందించే సూక్ష్మజీవులను ఇక్కడి బురద నుంచే వేరుచేసి, పెంచి, రైతుల విత్తనాలకు పట్టించిన ఘనత వారిది. "ఇవీ కూలీలేనయ్యా! నీడా నీళ్లూ ఇవ్వకుండా పని చెయ్యమంటే చేస్తాయా?" అని మమ్మల్ని గదమాయించేవారు.

2003 జనవరి తుఫాను మా లోయను ఊడ్చేసింది. యూరియా ఓడ రాలేదు. జగ్రూప్ గారనే కౌలు రైతు మా మాట నమ్మి, మిగిలిన విత్తనమంతటికీ మా సూక్ష్మజీవులనే పట్టించి నాటారు. ఆ పంట పోతే కౌలు నిలవదని ఊరందరికీ తెలుసు.

నెల తిరక్కుండానే పైరు పసుపెక్కింది. వేళ్లను పరీక్షించి, ప్రయోగశాల సహాయకుణ్ణయిన నన్ను మేడమ్ పిలిచారు.

"కరణ్, విత్తనానికి ఏ నీళ్లు కలిపావు?"

"వాగు నీళ్లే మేడమ్."

కొట్టు వెనక వాన నీళ్ల తొట్టి మీద, తుఫాను తరువాత సూక్ష్మజీవులను చంపే బ్లీచింగ్ కలిపిన తేదీ సుద్దతో రాసి ఉంది. విత్తనం తడిపిన రోజు కూడా అదే. మేడమ్ దాన్ని చూశారు, నన్ను చూశారు.

"పర్యవేక్షణ లోపం నాది" అని నివేదికలో రాశారు. ఆ ఒక్క వాక్యంతో సంచాలక పదవి వారికి శాశ్వతంగా దూరమైంది. తమ ఆచారం ప్రకారం కావా మొక్క వేళ్ల కట్ట పట్టుకుని జగ్రూప్ గారి గుమ్మంలో తల వంచి కూర్చున్నారు. కట్ట ముట్టుకుంటే క్షమించినట్టు.

"లే దీదీ, లే. నువ్వు తల దించితే నా చేను తలెత్తుతుందా?" అన్నారాయన. కట్ట ముట్టుకోలేదు. కౌలు పోయింది. పట్నం శివార్లలో రేకుల పాకలో రెండేళ్లకే కన్నుమూశారు.

వాగు దాకా నడవడానికి బద్ధకించి తొట్టి నీళ్లు కలిపిన వాణ్ణి నేనే. నా బద్ధకం ఒక కొంప ముంచింది. మేడమ్, మీకిది కొత్త సంగతి కాదు. ఇరవై ఒక్క ఏళ్లు నోరు మూసుకున్న సిగ్గు మాత్రం నాది. ఈ సభకు జగ్రూప్ గారి కూతురు ఫూల్‌మతి గారు వస్తున్నారు. అందరి ముందూ ఆమె ఎదుట కావా కట్టతో కూర్చుంటాను. ముట్టుకుంటారో లేదో ఆమె ఇష్టం.

మోయవలసిన వాడే మోస్తాడిక. మీరు ఆ బరువు దించుకుని, నిండు ఆరోగ్యంతో నూరేళ్లు చల్లగా ఉండండి, మేడమ్.

— శివ్‌కరణ్