అమ్మ ముఖానికి మూడో పూత

తల తిప్పకు అంటే తిప్పుతావు. ఇవి నూనె రంగులు కావే, యాక్రిలిక్. నువ్వు కిటికీ వైపు చూసి మళ్లీ ఇటు తిరిగేలోపు ఇక్కడ నీ చెంప ఎండి కూర్చుంది.

మాట్లాడకు కూడా. పెదవుల దగ్గరున్నాను. అయ్యాక మాట్లాడుదువుగాని.

నూనె రంగులైతే రోజుల తరబడి తడిగానే ఉంటాయట. ఇవాళ మొదలుపెట్టి ఎల్లుండి దిద్దుకోవచ్చు. వీటికి అంత ఓపిక లేదు. రెండు రంగులు పక్కపక్కన పెట్టి, రెండూ తడిమీద ఉండగానే, ఉత్త నీళ్లకుంచెతో మధ్యలో గీత పోయేదాకా అటూ ఇటూ లాగాలి. నాలుగైదు సార్లు మాట వింటుంది. ఆ తర్వాత మొండికేస్తుంది. అప్పుడు వదిలెయ్యాలి. వదలకుండా రుద్దావనుకో, సగం ఆరిన రంగు కుంచెకి అంటుకుని పెచ్చులుగా లేచొస్తుంది.

నాకు రానిది అదే, వదిలెయ్యడం. ముప్పై ఏళ్లు డ్రైక్లీనింగ్ షాపులో మరకలు తీసినదాన్ని. సిరా, నూనె, తుప్పు, ఏది తెచ్చిచ్చినా సాయంత్రానికి తీసి పంపినదాన్ని. మరక కనిపిస్తే నా చెయ్యి ఆగదు. మా బొమ్మల క్లాసు టీచరమ్మ, మా అమ్మాయి కంటే చిన్నది, నా వెనకాల నిలబడి మెల్లిగా "ఆంటీ, చెయ్యి తియ్యండి" అంటుంది. క్లాసు మొత్తంలో ఆ మాట నా ఒక్కదానికే. నా పక్కన కూర్చునే పళ్ల డాక్టరుతో మాత్రం "ధైర్యంగా వెయ్యండి సార్" అంటుంది. ఆయన కాగితం మీద కుంచె పెట్టడానికే వణుకుతాడు. పళ్లు పీకేటప్పుడు ఈ భయం ఎక్కడ పెడతాడో అడగాలి ఒకసారి.

క్లాసు టైర్ల షాపు మీద. మెట్లెక్కేసరికి రబ్బరు వాసన. మొదటి నెలంతా ఆకాశమే వేయించింది. పైన ముదురు నీలం, కింద తెలుపు, ఎక్కడ మారిందో తెలియకూడదు. నాది ఆమడ దూరం నుంచి తెలిసేది. మేస్త్రీ గోడకి సగం రంగేసి భోజనానికి పోయినట్టుండేది.

ఎందుకు చేరావక్కా అని గుమ్మంలోనే అడిగావు కదా. కాలక్షేపానికి అన్నాను. అరవై రెండేళ్లొచ్చాక మనిషి ఏం చేసినా కాలక్షేపమే అనుకుంటారు. అదొక సౌకర్యం.

కాలక్షేపం కాదే. అమ్మ బొమ్మ వెయ్యాలని చేరాను.

అలా చూడకు, కనుబొమ్మలు మారిపోతున్నాయి. మామూలుగా పెట్టు. ఆ, అలా.

అమ్మకి ఉన్నది ఒక్కటే ఫోటో. కెమెరా అంటే చాలు, పని ఉందని వంటింట్లోకి వెళ్లిపోయేది. నాన్న బతిమాలి బతిమాలి ఒక్కసారి స్టూడియోకి తీసుకెళ్లాడు. ఆ ఫోటో పోయి పదకొండేళ్లు. ఇంక ఎవర్ని చూసి వెయ్యమంటావు? చిన్నదానివి, నీది అచ్చుగుద్దినట్టు అమ్మ ముఖమని అందరూ అనేవాళ్లేగా. నాది నాన్న పోలిక. మీసం ఒక్కటే తక్కువ.

ఇది రెండో పూత. మొదటిది నువ్వు రాకముందే వేసి ఆరబెట్టాను, ఇటుక రంగు. భయపడకు, అది అడుగున ఉండాల్సిందే. ఒంటి రంగు ఒక్క దెబ్బకి రాదు. అడుగున ముదురు వేసి, అది పూర్తిగా ఆరాక నీళ్లలా పల్చగా కలిపిన లేతరంగు ఒక పూత, అదీ ఆరాక ఇంకొకటి. కింద ఉన్నది కాస్త కాస్త కనబడుతూనే ఉండాలి. పూర్తిగా కప్పేశామా, మనిషి బొమ్మ కాదు, బట్టల షాపు బొమ్మ అవుతుంది. పైగా ఇది ఆరాక ఒక పిసరు ముదురుతుంది. అందుకని కావలసినదానికన్నా కాస్త లేతగానే కలుపుకోవాలి. ఇంత తెలుసు నాకు. చెయ్యి రావడం వేరే సంగతి.

ఆగు, హెయిర్ డ్రయ్యర్ పెడతాను. దూరంగా పట్టుకోవాలి, లేకపోతే రంగు పగులుతుంది.

ఆరింది.

మొన్న మీ ఆయన ఫోన్ చేశాడు. నీకు చెప్పొద్దన్నాడు, చెప్తున్నాను. నిన్ను మరుపు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడటగా. గడియారం బొమ్మ గియ్యమంటే బాగానే గీశావట. వందలోంచి ఏడు ఏడు తీసెయ్యమంటే మీ ఆయన కంటే నువ్వే ముందు చెప్పావట. డాక్టరు బాగానే ఉన్నారమ్మా అన్నా నువ్వు వినలేదట.

మరుపు ఎప్పుడు మొదలైందమ్మా అని డాక్టరు అడిగితే నువ్వేం చెప్పావో కూడా చెప్పాడు. పదకొండేళ్ల కిందట, మా అమ్మ ఫోటో పోగొట్టినప్పటి నుంచి అన్నావట. డాక్టరు కాగితం మీద రాసుకున్నాడట.

ఫోన్ పెట్టేశాక నేను నీళ్లు తాగాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

కదలకు. ఇంకాస్తే.

ఎనిమిది నెలల కిందట నువ్వొచ్చావు చూడు, మధ్యాహ్నం పూట, చెప్పాపెట్టకుండా. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డావు. "అక్కా, కాపీకని తీసుకెళ్లిన ఫోటో తెచ్చి నీ ఫ్రిజ్ మీద పెట్టాననే ఇన్నాళ్లూ అన్నాను. ఇప్పుడు నాకే నమ్మకం లేదు. బస్సులో మరిచిపోయి ఉంటాను. నన్ను క్షమించు" అన్నావు. నేనేమన్నాను? "పోనీలేవే, అయిందేదో అయింది" అన్నాను. టీ పెట్టిచ్చాను. పంచదార వెయ్యడం మరిచిపోయాను, నువ్వు అలాగే తాగేశావు.

మర్నాడే వెళ్లి క్లాసులో చేరాను.

ఇప్పుడు చెప్పేది విను. అడ్డు రాకు, వస్తే మళ్లీ మొదలుపెట్టలేను.

నువ్వు ఫోటో తెచ్చావు. ఫ్రిజ్ మీదే పెట్టావు, న్యూస్‌పేపర్లో చుట్టి, పురికొస కట్టి. నేను షాపులో ఉన్నాను, నీ దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి పెట్టి వెళ్లావు. మీ ఆయన అప్పుడు డ్యూటీలో ఉన్నాడు, నువ్వొక్కదానివే వచ్చావు, ఎవరూ చూడలేదు. సాయంత్రం నేనొచ్చి విప్పాను. లోపల నీ చీటీ కూడా ఉంది. "ఫోటో ఫ్రేము అద్దానికి అంటుకుపోయింది, ఊడదీస్తే పాడవుతుందని స్టూడియోవాళ్లన్నారు, కాపీ తియ్యలేదు, అలాగే ఉంచు అక్కా" అని.

అలాగే ఉంచు అని రాశావు. నా చేతికి ఆ మాట అర్థమవుతుందా.

చెమ్మ దిగి అమ్మ గడ్డం కింద ఒక మరక ఉంది, రూపాయి బిళ్లంత. ఆ ఆదివారం అన్నయ్య వస్తున్నాడు. చూస్తే బాధపడతాడు, రెండ్రోజుల్లో బాగుచేసి పెడదామనుకున్నాను. మంచి ఉద్దేశమే. ఈ ఇంట్లో జరిగిన వెధవ పనులన్నీ మంచి ఉద్దేశంతో జరిగినవే.

ఫ్రేము మేకులు తీశాను. ఆవిరి పట్టాను, పట్టుచీరల మీద మైనం తీసేటప్పుడు పడతాం కదా, అలా. ఒక మూల లేచింది. అక్కడ ఆగాల్సింది. ఇంకో మూల లేచింది. మెల్లిగా లాగాను, మెల్లిగానే లాగాను బుజ్జీ. కాగితం మొత్తం నా చేతిలోకి వచ్చేసింది. చూస్తే తెల్ల కాగితం. చీర అంచు, కుర్చీ చెయ్యి మాత్రం ఉన్నాయి. అమ్మ ముఖం అద్దానికే ఉండిపోయింది.

ఉండిపోయింది, అదే చెప్తున్నాను. పోలేదు. అద్దం లైటుకి పెట్టి చూస్తే కళ్లూ ముక్కూ అన్నీ ఉన్నాయి. ఆ అద్దాన్ని అలాగే దాచి ఉంటే సరిపోయేది. ఎవరైనా తెలిసినవాళ్లకి చూపిస్తే ఏదో ఒకటి చేసేవాళ్లు.

నేను కడిగేశాను.

సబ్బు నీళ్లతో. స్పాంజితో. మొదట ఆ మరక ఒక్కటే తీద్దామని ముట్టుకున్నాను, గడ్డం పోయింది. గడ్డం లేని ముఖం చూడలేకపోయాను. ఇంక చెయ్యి ఆగలేదు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తళతళలాడింది అద్దం.

ఆదివారం అన్నయ్య వచ్చాడు. గోడ చూశాడు. అమ్మ ఫోటో ఏదే అన్నాడు. "చిన్నది తీసుకెళ్లింది కదా, కాపీకి" అన్నాను. తీసుకెళ్లింది అన్నాను, తేలేదు అనలేదు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆయన నీకు ఫోన్ చేశాడు. ఫ్రిజ్ మీద పెట్టానన్నావు. ఆయన నా వైపు చూస్తే "ఫ్రిజ్ మీద ఏం లేదు అన్నయ్యా" అన్నాను. అదీ నిజమే. అప్పటికి లేదు.

రెండే రెండు నిజాలు చెప్పాను. నీ బతుకు మీద పడ్డాయి.

తర్వాత నేను చెయ్యాల్సిన పనేం లేకపోయింది. మీరే చేసుకుపోయారు. వదిన నీకు మరుపుల మహారాణి అని పేరు పెట్టింది. అన్నయ్య కూతురి పెళ్లిలో నగల పెట్టె నీ మీదుగా తీసుకెళ్లి పక్కావిడ చేతికిచ్చారు. నువ్వు చెయ్యి చాపి, మళ్లీ ఒళ్లో పెట్టుకున్నావు. నేను చూశాను. ఎదురు వరసలో కూర్చుని చూశాను. భోజనం కూడా చేశాను ఆ రోజు, కడుపునిండా.

నీ పిల్లలు కూడా ఇంటి తాళం నీకివ్వరని విన్నాను.

నీకు మరుపు లేదే. తెచ్చావు, ఫ్రిజ్ మీద పెట్టావు, పురికొసకి రెండు ముళ్లు వేశావు. ఆ డాక్టరు దగ్గరికి నేనొస్తాను, రాసుకున్నది కొట్టేయమని చెప్తాను. ఎవరమ్మా మీరంటే ఏం చెప్పాలో దారిలో ఆలోచిస్తాను.

అన్నయ్యకి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను. అంతా విన్నాడు. తర్వాత "చిన్నదానికి చెప్పావా" అన్నాడు. లేదన్నాను. "ముందు దానికి చెప్పు. తర్వాత నేను నీతో మాట్లాడాలో వద్దో అది చెప్తుంది" అని పెట్టేశాడు. ఇన్నేళ్లకి ఆయన నీ చేతికిచ్చిన పని ఇదొక్కటే.

అందుకే పిలిచాను. బొమ్మ ఒక వంక. మనిషిని కదలొద్దు, మాట్లాడొద్దు అని కూర్చోబెట్టడానికి నాకు ఇంకో దారి దొరకలేదు.

పెదవులు అయిపోయాయి. ఇక మాట్లాడొచ్చు.

సరే. ఇటు తిప్పుతాను, చూడు. నీళ్లలా కలిపిన మూడో పూత కూడా వేసేశాను, నేను చెప్తూ ఉండగానే. ముక్కు దగ్గర కలవలేదు, గీత తెలుస్తోంది. అక్కడ చెయ్యి తీసేశాను, అంతవరకు నేర్చుకున్నాను. అమ్మలా లేదు, నాకూ తెలుసు. నీలా ఉంది. రెండు గంటలు నిన్ను చూసి వేస్తే నువ్వే వచ్చావు. ఏడుస్తున్నట్టుగా ఉందా? అది నేను వేసింది కాదు, నీ ముఖం అలా మారుతూ ఉంటే చెయ్యి దాని వెంట పోయింది.

లేస్తున్నావా. వెళ్తావా?

ఏంటి? మళ్లీ అను.

ఆ ఫోటో అద్దమా?

ఉంది. ఫ్రేము అన్నయ్య గుర్తుపడతాడని పారేశాను. అద్దం ఉంది. అదిగో, నీ ఎదురుగా గోడ మీద, మా అమ్మాయి డిగ్రీ పట్టాకి బిగించినది. ఇందాకట్నుంచి నువ్వు దాని వైపే చూస్తూ కూర్చున్నావు.

ఏం చెయ్యమంటావు. మంచి అద్దం, పారెయ్యబుద్ధి కాలేదు.