ట్రెబుల్ తగ్గించమని నాకెవరూ చెప్పలేదు

సభాధ్యక్షులు, జీడిపప్పు వ్యాపారి తారకేశ్వరరావు గారికి, వేదిక మీది పెద్దలకి, పలాస వ్యాన్ ఓనర్ల సంఘం మిత్రులకి, టెక్కలి నుంచీ ఉద్దానం ఊళ్ల నుంచీ పని మానుకుని వచ్చిన నా పాత గిరాకీలకి నమస్కారం.

ముందుగా అధ్యక్షుల వారికి ఒక సంగతి గుర్తుచేయాలి. ఇరవై ఎనిమిదేళ్ల కిందట నేను కాశీబుగ్గ రోడ్డులో కారు స్పీకర్ల షాపు తెరిచిన రోజున, ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, అందరూ వింటుండగా, "వైకుంఠం, నా మొదటి కారు కొన్ననాడు సెట్టు నీ సేతే బిగిపిస్తాను, ఇది నా మాట" అన్నారు. కారు కొన్నారు. సెట్టు బరంపురంలో బిగించుకున్నారు. (నవ్వులు) మీతోపాటు ఆయనా నవ్వుతున్నారు గానీ, అది కుర్చీలో కూర్చున్నందుకు నవ్వే నవ్వు.

వారం తిరక్కుండా ఆ కారు నా షాపు ముందు ఆగింది. పాట పెడితే ఇత్తడి గిన్నెలు మెట్ల మీద నుంచి దొర్లుతున్నట్టుంది. సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్లుంటాయి, ట్వీటర్లు, వాటిని ఆ బరంపురం మేధావి సరిగ్గా ముందు అద్దానికి ఎదురుగా పెట్టాడు. అద్దం ఏ శబ్దాన్నీ మింగదు, తెచ్చి మొహాన కొడుతుంది. నేను వాటిని అద్దానికి తప్పించి పక్కకి తిప్పి, తీగలో చిన్న రెసిస్టర్ ఒకటి వేసి, ఆ సన్నని శబ్దాన్ని పెంచి తగ్గించే ట్రెబుల్ మీట రెండు గీతలు తగ్గించాను. "ఇప్పుడు మనిసి పాడినట్టుంది" అన్నారు అధ్యక్షులు. నేను ఆయన్ని క్షమించానని మాత్రం అనలేదు. ఇప్పటికీ అనలేదు, రికార్డు చేస్తున్నవాళ్లు గమనించండి. (నవ్వులు)

ఇక ధర్మారావు మాస్టారు నా మీద సన్మాన పత్రం రాసి చదివారు. చాలా బాగా చదివారని పక్కనున్నవాళ్లు చెప్పారు. కాగితం తీసుకుని చూస్తే, "గుండుసూది పడితే అది ఏ మూల పడిందో చెప్పగల చెవి" అని ఉంది. మాస్టారూ, మీరు ముప్పై ఏళ్లు పిల్లల వ్యాసాల్లో తప్పులు దిద్దారు, ఈ ఒక్క వాక్యం నన్ను దిద్దనివ్వండి. షాపులో స్పీకర్ల కన్నా పుస్తకాలే ఎక్కువ పెట్టుకున్నవాణ్ణి నేను. మెడలో శాలువా ఉంది కదా అని ఒక అబద్ధాన్ని అచ్చులో ఉండనిచ్చి ఇంటికి పోతే, చదివిందంతా దండగ.

అసలు సంగతి ఇది. మొన్న ఫాల్గుణంలో అక్కుపల్లి నూకయ్య చేపల వ్యానుకి కొత్త స్పీకర్లు బిగించాను. అదిగో, తలుపు దగ్గర నిలబడ్డాడు. కుర్చీ ఇస్తే కూర్చోడు, పడవ మీద నిలబడి నిలబడి అలవాటు. పదేళ్లుగా నాతో సమానంగా పని చేస్తున్న అనిత ఆ రోజు నందిగాంలో పెళ్లికి వెళ్లింది. బండికి నేనే బిగించాను, నేనే సరిచూశాను, నేనే మెచ్చుకున్నాను. మర్నాడు పొద్దున్నే నూకయ్య వచ్చేశాడు.

"బావా, సెవుల్లో సూదులెడతన్నాయి. సేపలు గానీ బతికుంటే బుట్టలోంచి దూకి పారిపోయేవి."

నేను తలుపు జాలీ విప్పి చూస్తే, స్పీకరు మీద కంపెనీవాడు వేసిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. సముద్రం పక్క ఊళ్లలో ఇది మామూలే. ఉప్పు గాలికి తుప్పు పడుతుందని కొత్త వస్తువు మీద కవరు తీయరు. టీవీ రిమోట్‌కీ తీయరు, కుర్చీకీ తీయరు. నేను తీసేసి స్పీకరు బిగిస్తే, ఆ కవరుని ఇంటికెళ్లి మళ్లీ తొడిగాడు మహానుభావుడు. ఇంకేం, దొరికాడు కదా అని, కవరు చేత్తో పట్టుకుని, షాపులో ఉన్న నలుగురికీ చూపించి, శబ్దశాస్త్రం మీద పావుగంట మాట్లాడాను. కవరు తీసేసి పాట పెట్టాను.

నూకయ్య రెండు చెవులూ మూసుకున్నాడు. "ఓలమ్మో! ఇప్పుడు సూదులు కాదు బావా, గునపాలు!"

నాకు మాత్రం పాట మెత్తగా, నిండుగా, కమ్మగా ఉంది. "నీ చెవులు పడవ ఇంజను దగ్గర పాడైపోయాయిరా" అన్నాను. అప్పుడు, ఆ పొద్దున్నే పెళ్లి నుంచి తిరిగొచ్చిన అనిత లోపలికి వంగి, ట్రెబుల్ మీట పట్టుకుని కిందికంటా తిప్పింది. నూకయ్య చేతులు దించేశాడు. "ఆఁ, ఇదీ!" అన్నాడు. నాకు ఏ తేడా తెలియలేదు. ఇందాకా అదే పాట, ఇప్పుడూ అదే పాట.

నూకయ్య నా మొహంలోకి చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "ఏటి బావా... నీకు ఇనబడదేటి?"

అదీ నేను వినలేదు. పెదాలు చూసి తెలుసుకున్నాను.

శ్రీకాకుళంలో చెవుల డాక్టరు నా వినికిడి కొలిచి గీసిచ్చిన గీత కొంతదూరం బాగానే నడిచి, పైస్థాయి దగ్గరికి వచ్చేసరికి బావిలో పడినట్టు పడిపోయింది. ఆరేడేళ్ల నుంచీ ఇలాగే ఉండి ఉంటుందన్నాడు. అంటే ఆరేళ్లుగా నేను, నాకు వినపడేదాకా ట్రెబుల్ పెంచి, ఊరి మీదికి బండ్లు వదిలాను. మరి ఊరు ఊరంతా చెవులు మూసుకోవాలి కదా? మూసుకోలేదు. ఎందుకంటే ప్రతి బండినీ రివర్స్ తీసి రోడ్డు ఎక్కించే పని తనదేనని అనిత పట్టుబట్టేది. శ్రద్ధ అనుకున్నాను. ఆ పది గజాల్లో, అద్దాలు ఎక్కించుకుని, నేను పెంచిందంతా తగ్గించేది. నేను "ఎలా ఉంది?" అని షాపు కిటికీలోంచి అరిస్తే, మీరంతా "సూపర్ మాస్టారూ" అనేవారు. మీలో సగం మందికైనా విషయం తెలుసు. తల దించుకోనక్కర్లేదు, యువరాజూ, నీ ఆటో నంబరు కూడా నాకు గుర్తుంది. (నవ్వులు)

"ఎందుకు చెప్పలేదు?" అని అనితని నిలదీశాను.

"నాకేటి తెలుసు మాస్టారూ, అమ్మగారు సెప్పినట్టు సేశాను" అంది.

అమ్మగారంటే మా ఆవిడ. ఇక్కడ నేను కొంచెం నెమ్మదిగా మాట్లాడాలి. కొన్నేళ్లుగా మా ఇంట్లో గొంతు లేస్తోందని మీకందరికీ తెలుసు. "ఏటండీ, కూర సల్లారిపోతంది, ఇనబడతందా!" అంటే మా వీధి మొత్తం భోజనానికి లేచేది. "మా ఇంట్లో ఒక హారన్ ఉంది, దానికి ట్రెబుల్ తగ్గించే మీట కంపెనీవాడు పెట్టలేదు" అని నేను షాపులో జోకు వేసేవాణ్ణి. మీరు నవ్వేవారు. ఆవిడ గయ్యాళి అని పేరు పడింది. ఆ పేరు వేసింది వీధి కాదు, నేనే.

డాక్టరు దగ్గర నుంచి వచ్చి ఆవిడ ముందు కూర్చున్నాను. గీత గీసిన కాగితం చూపించాను. ఆవిడ కాగితం కేసి చూడనే లేదు.

"ఇప్పుడా తెలిసింది?" అంది.

"నువ్వు ముందే చెప్పొచ్చు కదా?"

"సెప్తే షాపు మూసేత్తారు. సెవి మీద బతికే మనిసి సెవి పోయిందంటే ఇంకేటి మిగుల్తాది? నన్ను గయ్యాళంటే అన్నారు, నాకేటి పోయింది? మిమ్మల్ని సెవిటోడంటే బండెవుడు తెత్తాడు?"

అంతే అంది. వంటింట్లోకి వెళ్లిపోయింది.

కాబట్టి మాస్టారూ, సన్మాన పత్రంలో ఆ వాక్యం కొట్టేయండి. రేపటి నుంచి షాపు అనితది. ఇంతకాలం కూడా తనదే, నాకు తెలియలేదంతే. బండ్లు తీసుకెళ్లండి, ఎలా ఉందని అడిగితే నిజం చెప్పండి. ఈ శాలువాకి, ఈ పూలకి, ఆరేళ్లు నా ముందు చెవి నొప్పి దాచుకున్న మీ మర్యాదకి కృతజ్ఞుణ్ణి. మీ అందరి మీదా నాకున్న కోపాలు ఈ వేదిక మీదే వదిలేసి పోతున్నాను. అధ్యక్షుల వారి మీది కోపంతో సహా. (చప్పట్లు)

ఒక్క కోపం మాత్రం ఇంటికి తీసుకెళ్తాను. నాకు వినపడని సంగతి నాకు చెప్పకుండా, నా చేతే ఆ దిక్కుమాలిన జోకు ఆరేళ్లు వేయించి, అది విని ఒక్కసారైనా ఎదురు తిరగని మనిషి మూడో వరసలో చివర కూర్చుని ఉంది. ఇప్పుడు కూడా "సాల్లెండి, దిగండి" అంటోంది, పెదాలు కనపడుతూనే ఉన్నాయి. ఆ తప్పు నేను జన్మలో క్షమించను. సెలవు పుచ్చుకునే ముందు పేరు చెప్పాలి కదా, చెబుతున్నాను: లక్ష్మీకుమారి.