సమయానికి రాని సమకాలీన రచయిత్రి

అధ్యక్షుల వారూ, బాగున్నారా? దగ్గు తగ్గిందా? మైకు పక్కన మంచినీళ్లు పెట్టాను, చల్లనివి కావు. ముందు వరుసలో కూర్చున్న మాస్టారూ, కంటి కట్టు నిన్ననే విప్పారు, ఆ లైటు కేసి చూడకండి. కుట్టుపని చెల్లెమ్మా, నీ నడుము నొప్పి ఎలా ఉంది? వెనక నిలబడ్డవాళ్లంతా బాగానే ఉన్నట్టున్నారు, లేకపోతే ఇంతసేపు నిలబడరు. (నవ్వులు) ఇక ఈరోజు పదవీ విరమణ చేస్తున్న మన లైబ్రేరియన్ గారూ, మీ బీపీ సంగతి ఈ పొగడ్తలన్నీ అయ్యాక అడుగుతాను.

నేను మూడో తరగతి దాకా చదివిన మనిషిని. మాట్లాడమన్నారు కాబట్టి మాట్లాడుతున్నాను. పన్నెండేళ్ల కిందట మోకాళ్ల నొప్పితో, ఇంటికి వెళ్లే దారిలో కాసేపు కూర్చుందామని ఈ హాల్లోకి వచ్చాను. వచ్చినదాన్ని ఊరుకోలేక, ఏ కుర్చీ ఎవరిని పడేస్తుందోనని ఒక్కొక్కటీ కదిపి చూశాను. అప్పటి నుంచి నెలకో ఆదివారం సభకు ముందు కుర్చీలు చూడటం నా పనైంది. పుస్తకాలు రాసినవాళ్లంటే గోడ మీద ఫొటోల్లో ఉండేవాళ్లనుకునేదాన్ని. ఈ లైబ్రేరియన్ గారేమో చుట్టుపక్కల ఊళ్ల నుంచి, ఊపిరి తీసుకుంటున్న వాళ్లను పిలిపించేవారు. గుమ్మంలో "సమకాలీన రచయితలతో మాటామంతీ" అని కాగితం అంటించేవారు. సమకాలీన అంటే సమయానికి వచ్చేవాళ్లని అనుకున్నాను. (నవ్వులు) నవ్వండి, నవ్వండి, నేనేమీ అనుకోను.

ఒకసారి, కథలు రాసే బస్సు కండక్టరమ్మ గంట ఆలస్యంగా వచ్చింది. గుమ్మంలోనే పట్టుకున్నాను. "సమకాలీన అని రాయించుకుని ఇంత ఆలస్యమా తల్లీ? దారిలో ఏమైపోయావోనని నా ప్రాణం పోయింది" అన్నాను. "నేను కాదమ్మా, మా బస్సు టైరు పోయింది" అంది. ఈయన నవ్వలేదు. "సమకాలీన అంటే మనం బతికున్న కాలంలోనే బతుకుతున్నవాళ్లు అక్కయ్యా" అన్నారు.

ఆరోజు ఆవిడ చదివిన కథలో ఒకామె, ఇంటికి తాళం వేశానో లేదోనని మూడుసార్లు బస్సు దిగిపోతుంది. సభ అయ్యాక చెయ్యి పట్టుకుని, "నా సంగతి నీకెవరు చెప్పారు?" అని అడిగాను. "ప్రతి బస్సులోనూ మీరొకరు ఉంటారమ్మా. తిట్టుకుంటూనే బస్సు ఆపిస్తాను" అంది. ఫొటోని అడిగితే జవాబు చెప్పదు కదా.

ఇప్పుడు ఈయన వెళుతున్నారు. ఈయన స్థానంలో ఎవరినీ వేయడం లేదట. సభలు ఇంతటితో సరి అని అధ్యక్షుల వారు ఇందాక ఎంతో బాధతో చెప్పారు. బాధపడకండి, దగ్గు ఎక్కువవుతుంది. నాకీ భయం ముందే పట్టుకుంది. నాకు లేని భయమంటూ ఏముంది గనక! అందుకే పోయిన వారం మనవరాలి చేత కండక్టరమ్మకు ఫోను చేయించాను. వచ్చే నెల సభకు డ్యూటీ మార్చుకుని మరీ వస్తానంది. ఇక హాలు తాళం అధ్యక్షుల వారు ఇప్పించాలి. తిరిగి వేశానో లేదో మూడుసార్లు చూసుకునే పూచీ నాది. (అధ్యక్షులు తల ఊపారు) ఊపారు, అందరూ చూశారు.

లైబ్రేరియన్ తమ్ముడూ, ఇన్నాళ్లూ ప్రతి సభలోనూ గోడకు ఆనుకుని నిలబడే ఉన్నావు. ఈసారి కూర్చుని విను. రెండో వరుసలో చివరి కుర్చీ కదలదు, చూసి పెట్టాను. బీపీ మాత్ర మరిచిపోకు. కనీసం నేనున్నన్నాళ్లయినా నాకు సమకాలీనంగా ఉండాలి.

ఓపిగ్గా విన్నందుకు అందరికీ దండాలు. నాకిక సెలవు, మీకు లేదు. కండక్టరమ్మ వచ్చేది వచ్చే నెల పద్నాలుగు, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలకు.