నీళ్ళ గొట్టం

(ఆసుపత్రి ల్యాబ్. కంప్యూటర్ ముందు ఇద్దరు: ల్యాబ్ పెద్ద, ఆయన దగ్గర కొత్తగా పని నేర్చుకుంటున్న మరదలు.)

“ఇదేనా ఇన్నాళ్ళూ కూర్చుని నువ్వు గీసిన క్రిముల చుట్టరికాల చెట్టు?”

“ఇదే బావా.”

“ఇక్కడ బావా గీవా అనొద్దని చెప్పానా లేదా?”

“చెప్పారు, సార్. ఇంటికొస్తే అక్కడా బావ కనిపించడం లేదు, ఇక ఎక్కడ పిలుచుకోను?”

“మీ అక్కని నేను వెళ్ళగొట్టలేదు. తనే పుట్టింటికి పోయింది.”

“పోదా మరి? పసిబిడ్డలకి జబ్బు అంటించిన నర్సు అని ముద్ర వేశారు. పెద్ద డాక్టరమ్మ ఉద్యోగం పీకేశారు. రేపు లైసెన్సు కూడా లాగేస్తారట. ఇంకా మీ పక్కన కూర్చుని కబుర్లు చెప్పాలా?”

“ముద్ర వేసింది నేను కాదు. వార్డులో పిల్లల రక్తంలో దొరికిన క్రిమి, తన చేతి మీద దొరికిన క్రిమి ఒకటే. జన్యువుల్లో ఒక్క అక్షరం తేడా లేదు. సొంత పెళ్ళాం కదా అని దాచెయ్యమంటావా?”

“నేనేమన్నాను? ఆసుపత్రి అంతా మెచ్చుకుందిగా, పెళ్ళాన్నే పట్టిచ్చిన నిజాయితీపరుడని.”

“నోరు తగ్గించు. పని చూడు. ఎక్కడిదీ డేటా?”

“పాతవాటిలో ఏదో ఒకటి తీసుకుని ఏడవమన్నారుగా. ఏడ్చాను. పేర్లు తీసేసి నంబర్లు పెట్టుకున్నాను.”

“కొమ్మలేంటి ఇలా, ఒకటి అటు, ఒకటి ఇటు?”

“తప్పా?”

“తప్పు కాదు. కొమ్మని ఎటు తిప్పినా చుట్టరికం మారదు. మొదటి రోజే చెప్పాను, బుర్రకెక్కితేగా! ఏ క్రిమికీ ఏ క్రిమికీ ఎన్ని అక్షరాల తేడా ఉందో చూడాలి. తేడా తక్కువైతే దగ్గర చుట్టం. సరే, ఈ ఏడో నంబరు ఏంటి?”

“ఒక మనిషిది. మిగతా అందరికీ అంటించింది ఆ మనిషే.”

“ఓహో! తీర్పు కూడా చెప్పేశావే. బ్లాంక్ ఏదీ?”

“బ్లాంకా?”

“ఖర్మ! శాంపిళ్ళతో పాటు ఉత్త నీళ్ళు పోసి ఒక గొట్టం కూడా పరీక్షకి పెడతాం కదా? అందులో ఏ క్రిమీ రాకూడదు. వచ్చిందంటే, పక్క గొట్టంలోది మన చేతుల మీదుగా ఒలికిందన్నమాట. అదేదీ?”

“నీళ్ళే కదా అని... పక్కన పడేశాను.”

“పడేశావా! పడేసి, మనిషి మీద నింద వేస్తావా? సిగ్గుండాలి. నీలాంటివాళ్ళు ఈ గడప తొక్కడానికి కూడా పనికిరారు.”

“మరీ అంత మాటా?”

“అంత మాటే! పెట్టు దాన్ని చెట్టులో. నా కళ్ళ ముందు పెట్టు.”

“పెడుతున్నా... ఆగండి... ఇదుగో, వచ్చింది.”

“చూశావా? చూశావా! నీ ఏడో నంబరు పక్కనే వెళ్ళి కూర్చుంది. అక్షరం తేడా లేదు. నీళ్ళలో క్రిమి ఎక్కడిది? రోగి శాంపిల్‌లోది నీళ్ళలో పడింది, ఏడో దాంట్లోనూ పడి ఉంటుంది. ఇది ఇక చెత్త. అవతల పారెయ్.”

“అయితే ఆ మనిషి అంటించలేదా?”

“దీన్ని చూసి అంటించిందని చెప్పినవాడు గాడిద.”

“ఈ మాట పెద్ద డాక్టరమ్మ ముందు కూడా అంటారా?”

“ఎవరి ముందైనా అంటాను. నాకేం భయం?”

“అయితే లేవండి. ఆవిడ గదిలోనే ఉన్నారు.”

“ఇప్పుడా? నీ పిచ్చి గీతల కోసం ఆవిడ దగ్గరికెందుకు?”

“గీతలు నావి కావు బావా, మీవే. నీళ్ళ గొట్టాన్ని పక్కన పడేసిందీ మీరే. నేను కొమ్మలు అటూ ఇటూ తిప్పానంతే. ఆ ఏడో నంబరు మా అక్క చెయ్యి.”